కర్త లేని వాక్యాలు - హాంబుల్డన్ క్రికెట్ క్లబ్బు

చాలా రోజుల తరువాత ఈ ముంగిట మళ్లీ దీపం పెడుతున్నాను. యతిభేదాల గురించి రాస్తానని క్రిందటి టపాలో మాట ఇచ్చిన సంగతి మరువలేదు. యతులు మరికొన్నాళ్లు వేచి ఉండగలవు. ఇప్పుడు క్రికెట్టు గురించి రాయక తప్పని పరిస్థితి వచ్చింది. జీవితమంతా తెలుగు వాచకాలు చెప్పినవాడికి బంతాటతో ఏమి పని అని నవ్వదలచినవారు నవ్వండి, నవ్వడం అయ్యాక చదవండి.

సంగతి ఇది. మా ఊరి క్రికెట్ జట్టు పుట్టి నలభయ్యేళ్లు దాటిందని కుర్రవాళ్లు ఒక స్మారక సంచిక వేయదలచారు. వారిలో సగంమంది నా దగ్గర చదువుకున్నవారే. 'పల్లెటూరి క్రికెట్ క్లబ్బు చరిత్ర' అని శీర్షిక కూడా వారే పెట్టి నన్ను వ్యాసం అడిగారు. సంతోషించాను. మన కథకు ముందు, లోకంలో అన్నిటికంటె పేరుమోసిన పల్లెటూరి క్లబ్బు, ఇంగ్లండులోని హాంబుల్డన్ కథ చెప్పి, ఆ తరువాత మన ఊరికి వద్దామనుకున్నాను. పన్నెండు పుటలు రాసి ఇచ్చాను. పది రోజులకు వ్యాసం వెనక్కి వచ్చింది. "మాస్టారూ, ఇంగ్లండు సంగతి చాలా బాగుందండీ. అది ఉంచేద్దాం. మన ఊరి భాగం మాత్రం డబ్బులిచ్చినవాళ్లు చూస్తే నొచ్చుకుంటారు. దాన్ని మేమే కాస్త కుదించాం" అన్నారు. కుదించిన పాఠం ఇది:

'1983వ సంవత్సరంలో గ్రామ పెద్దల సహకారంతో జట్టు స్థాపించబడినది. మైదానము చదును చేయబడినది. క్రీడాసామగ్రి సమకూర్చబడినది. అనేక బహుమతులు సాధించబడినవి.'

నాలుగు వాక్యాలు, నాలుగు 'బడు'లు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇలా రాస్తే ఎర్ర సిరాతో గీత గీసి, "ఒరేయ్, కర్త ఎక్కడరా?" అని ప్రక్కన రాసేవాణ్ణి. స్థాపించింది ఎవరు? చదును చేసింది ఎవరు? బహుమతి సాధించింది ఎవరు? కర్మణి ప్రయోగం మన భాషకు సహజం కాదని వ్యాకరణవేత్తలు ఎప్పుడో చెప్పారు. నా తగవు భాషాసౌందర్యం గురించి మాత్రమే కాదు. చెమటోడ్చినవాడి పేరు వాక్యంలోనుంచి జారిపోవడానికి ఈ 'బడు' ఎంత చక్కగా దారి ఇస్తుందో చూడండి. వ్యాసం వెనక్కి తీసుకున్నాను. వారు ఉంచుదామన్న ఇంగ్లండు భాగంలోనే వారు తీసేసిన భాగానికి సమాధానం ఉందని ఆ కుర్రవాళ్లు గమనించలేదు. అందుకే రెండిటినీ ఇక్కడ కలిపి చెబుతున్నాను.

హాంబుల్డన్ ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్‌లో ఒక పల్లె. ఊరికి రెండు మైళ్ల దూరంలో బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ అనే గాలివాటపు మెరక. దాని ఎదుట బ్యాట్ అండ్ బాల్ అనే పూటకూటి విడిది. క్లబ్బు సరిగ్గా ఏ సంవత్సరంలో పుట్టిందో చెప్పే కాగితం లేదు. 1756 నాటికి హాంబుల్డన్ పేరుతో ఒక జట్టు లండను వెళ్లి డార్ట్‌ఫర్డ్ జట్టుతో ఆడినట్లు ఆధారముంది. క్లబ్బు సమావేశాల చిట్టా 1772 నుండి 1796 వరకు మిగిలి ఉంది. ఆ నడుమ కాలంలో ఈ పల్లె పేరు ఇంగ్లండంతా మారుమోగింది. 1777 జూన్‌లో సెవెనోక్స్‌లో ఇంగ్లండు జట్టు మీద ఆడినప్పుడు ఇంగ్లండు 166, 69 పరుగులు చేయగా, వీరు ఒక్క ఇన్నింగ్సులోనే 403 చేశారు. ఇన్నింగ్సు మీద 168 పరుగుల విజయం. జేమ్స్ ఐల్‌వర్డ్ అనే ఒక్కడే 167 కొట్టాడు. పిచ్చి పిచ్చి మళ్లలాంటి మైదానాల మీద, జట్టు మొత్తం వంద చేస్తే గొప్ప అనుకునే రోజుల్లో!

ఇక్కడి నుండే పురాణం మొదలైంది. 'క్రికెట్టుకు ఊయల హాంబుల్డన్' అని ఇంగ్లీషువారు గర్వంగా చెప్పుకుంటారు. 1908లో ఆ మైదానం దగ్గర ఒక స్మారకశిల కూడా నాటారు. పల్లెటూరి రైతులు దేశాన్ని ఓడించారని పుస్తకాల్లో రాసుకున్నారు. ఈ మాటల్లో మొదటిది అబద్ధం, రెండోది సగం నిజం. సగం నిజం మొత్తం అబద్ధం కంటె ఎక్కువ కాలం బతుకుతుంది కాబట్టి దానితోనే నాకు పేచీ.

ముందు ఊయల సంగతి చూద్దాం. గిల్డ్‌ఫర్డ్ న్యాయస్థానంలో జాన్ డెరిక్ అనే వృద్ధుడు, తాను బడిలో చదివే రోజుల్లో ఫలానా ఖాళీ స్థలంలో క్రికెట్టు ఆడుకున్నామని సాక్ష్యం చెప్పాడు. అది పదహారో శతాబ్ది చివరిమాట. ఆయన బాల్యం 1550 ప్రాంతం. అంటే హాంబుల్డన్ క్లబ్బుకు రెండు వందల ఏళ్ల ముందు. ఆట తొలి లిఖిత నియమాలు లండనులో 1744లో వచ్చాయి. ఆ దశకంలోనే ససెక్స్‌లోని స్లిండన్ అనే మరో పల్లె, రిచ్‌మండ్ డ్యూక్ అండతో, పెద్ద పెద్ద జట్లను ఓడించింది. హాంబుల్డన్ నాయకుడు రిచర్డ్ నైరెన్ ఆట నేర్చింది స్లిండన్ ఆటగాడైన తన మేనమామ దగ్గరే. కాబట్టి ఊయల మరెక్కడో ఉంది. హాంబుల్డన్‌లో ఉన్నది పెరిగి పెద్దవాడైన పిల్లవాడు.

(ఒక పక్కమాట. 1745లో బ్రామ్లీ, హాంబుల్డన్ అనే ఊళ్ల ఆడపిల్లలు పదకొండేసి మంది తెల్లని దుస్తుల్లో, నీలి, ఎర్ర రిబ్బన్లు కట్టుకొని ఆడారు. హాంబుల్డన్ 127, బ్రామ్లీ 119. ఇది మన హాంబుల్డన్ ఘనతే అనుకొని రాసేవారున్నారు. ఆ హాంబుల్డన్ వేరు, సర్రేలో ఉంది. మన జిల్లాల్లో కొత్తపల్లులు ఎన్ని లేవు! శాసనాలు చదివేవారికి ఈ చిక్కు కొత్త కాదు.)

ఇక రెండో మాట, పల్లెటూరి రైతుల క్లబ్బు అన్నది. క్లబ్బు ఎవరిది? సభ్యత్వ రుసుము ఏడాదికి మూడు గినీలు. ఆనాటి పొలం కూలీకి అది వారాల తరబడి సంపాదన. సభ్యుల్లో డార్సెట్ డ్యూక్ వంటివారు, వించిల్సీ ఎర్ల్ వంటివారు. నిర్వాహకుల్లో ముఖ్యుడు రెవరెండ్ చార్ల్స్ పౌలెట్, బోల్టన్ డ్యూక్ కుమారుడు. చిట్టాలో ఎక్కువ భాగం చందాలు, మద్యం, భోజనాలు. 1781లో ఆరు 'టోస్టు'లు నిర్ణయించుకున్నారు. రాణిగారి తల్లికి, రాజుకు, క్లబ్బుకు, క్రికెట్టుకు, 'మాడ్జ్' అనే ఒక చిరస్మరణీయకు, అధ్యక్షుడికి. ఆ మాడ్జ్ ఎవరో, అసలు మనిషేనో కాదో పండితులు తలోమాట చెబుతారు. ఆరింటిలో ఆటగాళ్లకు ఒక్కటి లేదని మాత్రం లెక్క పెట్టుకోండి.

ఆటగాళ్లు చాలామట్టుకు సభ్యులు కారు. వారికి ఆడినందుకు డబ్బిచ్చేవారు. ఎందుకంటే మ్యాచ్‌ల మీద పెద్దమనుషులు వందలాది గినీల పందేలు కాసేవారు. కోడిపుంజుకు మేత పెట్టినట్లే అనబోయాను, అంత కటువుగా అనను. అయినా సంక్రాంతికి మా వైపు బరి దగ్గర నిలబడి చూసినవాడికి ఈ పోలిక తట్టకుండా ఉండదు. 'హాంబుల్డన్' జట్టు అన్న పేరే చూడండి. జాన్ స్మాల్‌ది పీటర్స్‌ఫీల్డ్. నోవా మాన్‌ది ససెక్స్‌లోని నార్త్‌చాపెల్, మంగళవారం సాధనకు ఇరవై మైళ్లకు పైగా గుర్రం మీద వచ్చేవాడు. విలియం బెల్డమ్‌ది సర్రేలోని ఫార్నమ్. ఒక ఊరి పేరు పెట్టుకొని మూడు జిల్లాల సత్తువను పోగుచేసినది డబ్బు. ఎదుటి 'ఇంగ్లండు' కూడా దేశం కాదు, మరికొందరు ప్రభువులు ఏరి తెచ్చుకున్న జట్టు. 167 కొట్టిన ఆ ఐల్‌వర్డ్ ఏమయ్యాడు? కొన్నేళ్లు తిరగకుండానే కెంట్‌లోని సర్ హొరేస్ మాన్ అతన్ని తన ఎస్టేటు కామందారీకి అని చెప్పి తీసుకుపోయాడు. కామందారీ సంగతి ఎలా ఉన్నా ఇక అతని పరుగులు కెంట్ ఖాతాలో పడ్డాయి.

ఇంతవరకు చదివి, "అదుగో, మేమనేది అదే, అది జమీందారుల జూదం, తెల్లవాళ్ల విలాసం, తెలుగు పండితుడికి దాని పొగడ్త ఎందుకు" అనే మిత్రులు మనలోనే ఉన్నారు. చెడుగుడును, బిళ్లంగోడును క్రికెట్టు చంపిందని కన్నీళ్లు పెట్టే టపాలు ఎన్నో చదివాను. ఆ మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. వారు తెలియకుండానే మా కుర్రవాళ్ల 'బడు' వాక్యమే రాస్తున్నారు. ప్రభువుల ఆట అన్నప్పుడు ఆ వాక్యంలో కర్తలు ప్రభువులు మాత్రమే అయ్యారు. మైదానం మధ్యలో నిలబడ్డవాడు మళ్లీ మాయమయ్యాడు.

ఆ నిలబడ్డవారిని చూడండి. జాన్ స్మాల్ చెప్పులు కుట్టే వృత్తిలో మొదలుపెట్టి బ్యాట్లు, బంతులు తయారుచేసి అమ్మినవాడు. వయొలిన్ వాయించేవాడు. డార్సెట్ డ్యూక్ మంచి వయొలిన్ ఒకటి బహుమతిగా పంపితే, ఊరుకోకుండా తన చేత్తో చేసిన రెండు బ్యాట్లు, బంతులు ఆయనకు తిరుగు కానుకగా పంపాడు. డ్యూక్ ఇచ్చాడు కదా అని చేతులు కట్టుకొని నిలబడలేదు. అంతకుముందు బంతిని నేల మీద దొర్లించి వేసేవారు, బ్యాటు కూడా కొన వంగి హాకీ కర్రలా ఉండేది. బంతిని గాలిలో వదిలి, నేల మీద ఒకసారి తగిలించి పైకి లేపడం మొదలైనప్పుడు వంకర బ్యాటు పనికిరాకుండా పోయింది. నిటారైన బ్యాటును నిటారుగా పట్టి అడ్డుకునే పద్ధతిని తీర్చినవారిలో స్మాల్ ప్రథముడు. మన పిల్లలు ఈనాడు 'స్ట్రెయిట్ బ్యాట్' అని నేర్చుకునే పాఠానికి మూలపురుషుల్లో ఒక చెప్పులు కుట్టినవాడున్నాడు.

డేవిడ్ హారిస్ కుమ్మరి. చలికాలంలో ధాన్యపు కొట్టాంలో ఒంటరిగా బంతి వేసి సాధన చేసేవాడు. అతని బంతి నేలను తాకిందంటే పాము పడగెత్తినట్లు లేచేదట. చివరి రోజుల్లో కీళ్లవాతం పట్టి నడవలేని స్థితిలో, మైదానంలోనే ఒక కుర్చీ వేయించుకొని, బంతి వేసి వచ్చి అందులో కూర్చునేవాడు. టామ్ సూటర్ వడ్రంగి పని చేసేవాడు, వికెట్ల వెనుక నిలిచేవాడు, సాయంకాలం విడిదిలో పాట పాడేవాడు. ఎదుటి పక్షంలో 'లంపీ' అనే ముద్దుపేరు గల స్టీవెన్స్, టాంకర్‌విల్ ఎర్ల్ దగ్గర తోటమాలి.

ఆట నియమాలను మార్చింది కూడా వీరి చేతులే. 1771లో చెర్ట్‌సీ జట్టుతో ఆడుతుంటే, ఎదుటివాడు వైట్ అనే ఆటగాడు వికెట్లంత వెడల్పున్న బ్యాటు పట్టుకొని వచ్చాడు. తలుపు రెక్క పట్టుకొని వచ్చాడన్నమాట. నియమాల్లో వెడల్పు ఊసే లేదు, తప్పు పట్టడానికి వీల్లేదు. హాంబుల్డన్ ఒక్క పరుగు తేడాతో ఎలాగో గెలిచి, ఆ మీదట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించరాదని ఒక కాగితం రాసింది. దాని మీద సంతకాలు ఎవరివి? డ్యూకులవి కావు. థామస్ బ్రెట్, రిచర్డ్ నైరెన్, జాన్ స్మాల్ అనే ముగ్గురు ఆటగాళ్లవి. 1774లో అది నియమావళికెక్కింది. ఈ రోజు ఏ దేశంలో ఎవరు బ్యాటు పట్టినా ఆ నాలుగుంపావు దాటరాదు. ఇక 1775లో లండన్ ఆర్టిలరీ మైదానంలో జరిగిన అయిదేసి మంది మ్యాచ్‌లో లంపీ వేసిన బంతి స్మాల్ వికెట్ల గుండా మూడుసార్లు దూరిపోయింది. అప్పటికి వికెట్టుకు రెండే పుల్లలు. మధ్య సందులోంచి బంతి వెళ్లినా పైనున్న చిన్న పుల్ల పడలేదు, కనుక స్మాల్ ఔటు కాలేదు. హాంబుల్డన్‌నే గెలిపించాడు. తోటమాలికి జరిగిన ఆ అన్యాయం అందరి కంట పడి మూడో పుల్ల వచ్చింది. టెలివిజను ముందు కూర్చొని 'మిడిల్ స్టంప్ ఎగిరిపోయింది' అని కేకలు వేసే మనవలకు ఈ తోటమాలి పేరు చెప్పేవారేరి?

నాయకుడు రిచర్డ్ నైరెన్ ఆ విడిది నడిపినవాడు. ఆట విషయంలో డార్సెట్ డ్యూక్‌తో గానీ సర్ హొరేస్ మాన్‌తో గానీ అభిప్రాయభేదం వస్తే తలవంచలేదట. చివరకు నైరెన్ చెప్పిందే సరి అని తేలినప్పుడు సర్ హొరేస్ మానే మైదానం అడ్డంగా నడిచివచ్చి ఒప్పుకున్నాడట. ఇది చదివినప్పుడల్లా మనవాడొకడు గుర్తుకొస్తాడు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్. జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు, ఆయన అంతకుముందే తొలి టెస్టులో నాయకత్వం వహించినవాడు. మహారాజకుమార్ మూడు టెస్టులూ ఆడి 33 పరుగులు చేశాడు. లాలా అమర్‌నాథ్‌ను నడిమధ్యలో ఇంటికి పంపించివేశారు. ఆ పర్యటనలోనే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. డబ్బు పెట్టేవాడు గట్టున కూర్చోవడం ఒక పద్ధతి, వచ్చి మధ్యలో నిలబడడం ఇంకో పద్ధతి. విజయనగరం మీద నాకు ద్వేషం లేదు, అక్కడి సంగీత సాహిత్యాలకు నేనూ ఋణపడినవాణ్ణే.

హాంబుల్డన్ ఎలా అంతమయిందో చూస్తే క్లబ్బు ఎవరిదో తేలిపోతుంది. ఆట తగ్గి అంతం కాలేదు. బెల్డమ్, హారిస్ వంటి మహామహులు తమ శక్తి పరాకాష్ఠలో ఉండగానే అంతమయింది. మైదానం మరీ దూరంగా, చలిగాలికి ఎదురుగా ఉందని పెద్దమనుషులు విసుగుపడగా 1782లో ఊరికి దగ్గరగా విండ్‌మిల్ డౌన్‌కు మార్చారు. అదీ చాలలేదు. వారికి లండను కావాలి. థామస్ లార్డ్ అనేవాడు అక్కడ మైదానం సిద్ధం చేశాడు, వించిల్సీ ఎర్ల్ అతనికి అండగా నిలిచాడు, 1787లో ఎం.సి.సి. పుట్టింది. ప్రభువులు అటు నడిచారు, వారి వెంట పందెం డబ్బు నడిచింది, దాని వెంట ఆటగాళ్లు నడిచారు. పాపం, వారు మాత్రం ఏం చేస్తారు.

1796 ఆగస్టు 29న చిట్టాలో ఒక విచిత్రమైన నమోదు ఉంది. వచ్చినవారి జాబితాలో 'మానవ హక్కులు' గ్రంథకర్త థామస్ పెయిన్ అని రాసి ఉంది. పెయిన్ అప్పటికి నాలుగేళ్లుగా ఇంగ్లండు ప్రభుత్వం వెలివేసిన మనిషి, ఫ్రాన్సులో ఉన్నాడు, రావడం అసంభవం. ఎవరో వేళాకోళానికి రాశారని పెద్దలంటారు. ప్రభువుల క్లబ్బు చిట్టాలో, ప్రభువుల పాలిట సింహస్వప్నమైనవాడి పేరు! రాసిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తరువాత సెప్టెంబరు 21న చివరి నమోదు. ఆ రోజు పెద్దమనుషులెవరూ రాలేదని. అంతటితో చిట్టా ఆగిపోయింది.

ఆ మైదానాల మీద ఏళ్ల తరబడి ఆడినవారు ఆ రోజు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. కుమ్మరి ఉన్నాడు. బ్యాట్లు చేసే స్మాల్ ఇంకా ముప్ఫయ్యేళ్లు బతికాడు. బెల్డమ్ తొంభయ్యారేళ్లు బతికి 1862లో పోయాడు. వారు వచ్చారో రాలేదో చిట్టా రాయదు. 'పెద్దమనుషులు లేరు' అంటే ఎవరూ లేరనే దాని లెక్క.

ఆ చిట్టా ఒక్కటే మిగిలి ఉంటే మనకు హాంబుల్డన్ గురించి తెలిసేది చందాలు, సీసాలు. మనకు కుమ్మరి కుర్చీ తెలిసింది, తిరుగు కానుకగా వెళ్లిన బ్యాట్లు తెలిశాయి అంటే కారణం ఒకే ఒక్క మనిషి. విడిది యజమాని కొడుకు జాన్ నైరెన్. చిన్ననాడు ఆ మైదానంలో పెరిగి, డెబ్బయ్యేళ్లకు చేరువైన వయసులో, తన కంటితో చూసినవీ తండ్రి నోట విన్నవీ చార్ల్స్ కౌడెన్ క్లార్క్‌కు చెప్పుకుంటూ పోయాడు. ఈ క్లార్క్ కవి కీట్స్‌కు చిన్ననాటి నేస్తం. అలా 1833లో 'ద యంగ్ క్రికెటర్స్ ట్యూటర్' వచ్చింది, దాని వెనుకభాగంలో తన కాలపు ఆటగాళ్ల చిత్రాలు. జ్ఞాపకం మీద చెప్పినది కాబట్టి పొరపాట్లు దొర్లాయి, అభిమానం పొంగిన చోట్లు ఉన్నాయి. ఉండనివ్వండి. అవి సరిదిద్దుకోవచ్చు. రాయని పుస్తకాన్ని సరిదిద్దడం ఎవరి తరం? లండనులో లార్డ్స్ మైదానపు పెవిలియను 1825లో తగలబడినప్పుడు అమూల్యమైన స్కోరు పుస్తకాలు బూడిదయ్యాయి. రాజధానిలో, ప్రభువుల రక్షణలో ఉన్నవి కాలిపోయాయి. పూటకూటివాడి కొడుకు తలలో ఉన్నవి మిగిలాయి.

ఇక మా ఊరికి వస్తాను. ఇక్కడి నుండి నేను వాదిని కాను, ముద్దాయిని.

1983 జూన్‌లో లార్డ్స్‌లో కపిల్ జట్టు ప్రపంచకప్పు గెలిచిన మరుసటి వారం మా చెరువు కింద బీడులో ఆట మొదలైంది. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర మాస్టారిని. ఆట రాదు, చేవ్రాలు బాగుంటుందని స్కోరు రాయమన్నారు. మొదటి నెలల్లో కొబ్బరిమట్ట బ్యాటు, సైకిలు ట్యూబు ముక్కలు చుట్టిన బంతి. తరువాత మా వీధి వడ్రంగి ఒక బ్యాటు చెక్కి ఇచ్చాడు. కూలి అడగలేదు. తారు పీపాలో ఇసుక నింపి, ఇరుసు దూర్చి, మైదానం చదును చేసినవారు పేట కుర్రవాళ్లు, పగలు కూలికి పోయి వచ్చి వెన్నెల్లో లాగారు. జట్టులో వేగంగా బంతి వేసేవాడు కూడా పేటవాడే. అంత వేగం నేను మళ్లీ ఏ పల్లెలోనూ చూడలేదు. మండల పోటీల్లో మొదటిసారి కప్పు గెలిచినప్పుడు ఆఖరి అయిదు వికెట్లూ అతనివే. కప్పుతో ఫొటో తీసే వేళకు అతను లేడు, ఆ సాయంత్రం ఎవరిదో మడికి నీళ్లు పెట్టే వంతు ఉంది. ఫొటోలో ముందు వరుసలో మూడు కుర్చీలు, వాటిలో చందాలిచ్చినవారు. ఆ ఫొటోయే ఇప్పుడు సంచిక ముఖచిత్రం.

ఆ మైదానం గట్టున చింతచెట్టు కింద ఒక కుండ ఉండేది, రెండు గ్లాసులు ఉండేవి. ఎవరికి ఏది అని ఎవరూ చెప్పేవారు కాదు, అందరికీ తెలుసు. అయిదు వికెట్లు తీసినవాడు రెండో గ్లాసుతోనే తాగాడు. నేను చెట్టు నీడలో కూర్చొని అతని ఓవర్లు, మెయిడెన్లు, ఇచ్చిన పరుగులు గుండ్రని అక్షరాలతో రాసుకున్నాను. రెండో గ్లాసు సంగతి రాయలేదు. నోరు విప్పి అడగనూ లేదు. ఇన్నేళ్లకు ఆ ఒక్క పేరా రాస్తే, డబ్బులిచ్చినవాళ్లు నొచ్చుకుంటారని తీసివేసినది సరిగ్గా దాన్నే.

ఆ స్కోరు పుస్తకమైనా ఉందా అంటే, లేదు. ఎనిమిదేళ్ల ఆట అందులో ఉండేది. నాకు బదిలీ అయినప్పుడు అటక మీద పెట్టాను. తరువాత ఎప్పుడో ఇంటికి సున్నం వేయిస్తూ, పాత పరీక్ష కాగితాల కట్టలతో పాటు దాన్ని కూడా చిత్తుకాగితాలవాడి త్రాసులో నేనే పెట్టాను. అట్ట చూశాను, గుర్తుపట్టాను. ఏముందిలే, కుర్రాళ్ల ఆటేగా అనుకున్నాను. లార్డ్స్‌లో నిప్పు అనుకోకుండా చేసిన పని నేను కిలోల లెక్కన తెలిసి చేశాను. మా ఊరు 1936కు మునుపటి ఏ తాళపత్రం పోయిందని నేను సభల్లో ఎంత వగచానో విన్నవారు మీలో ఉన్నారు. ఆ ఉపన్యాసాలు ఇచ్చే రోజుల్లోనే ఇదీ జరిగింది.

కుర్రవాళ్ల మీద కోపం తగ్గింది. వారికి 'బడు' నేర్పిందీ మా బళ్లే. దాతల పేర్లు వేయవద్దని నేను అనను. బ్యాట్లు, ప్యాడ్లు కొనడానికి డబ్బు కావాలి, ఇచ్చినవారు ఇచ్చారు. డార్సెట్ డ్యూక్ లేకపోతే ఆ వయొలినూ లేదు, ఆ పెద్ద మ్యాచ్‌లూ లేవు. అయితే మైదానము చదును 'చేయబడినది' అన్న వాక్యం కింద నా పేరు మాత్రం ఉండడానికి వీల్లేదు. సంచిక వారి ఇష్టం వచ్చినట్లు వేసుకోవచ్చు. పన్నెండు పుటలూ ఇక్కడ విడిగా పెడతాను.

పెట్టేముందు ఒక పని మిగిలి ఉంది. మొదటి కప్పు గెలిచిన పదకొండుమందిలో తొమ్మండుగురి పేర్లు జ్ఞాపకమున్నాయి. ఇద్దరివి ఎంత తలచుకున్నా రావడం లేదు. వడ్రంగి పోయి చాలా ఏళ్లయింది, ఆయన భార్య కొడుకు దగ్గర కాకినాడలో ఉంటోందని తెలిసింది. ఆ బంతి వేసినవాడు ఇప్పటికీ పేటలోనే ఉన్నాడు, మోకాళ్ల నొప్పులతో ఎక్కువగా అరుగు మీదే కూర్చుంటున్నాడట. ఆదివారం పొద్దున్నే వెళ్తాను. కొత్త లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. అతను మాట్లాడతాడో లేదో, నన్ను చూసి ఏమంటాడో తెలియదు. ముందు మంచినీళ్లు అడుగుతాను.